ఒక్క అక్షరం మార్చితే సరిపోదు

జట్ల లోగోలు అనుమతి లేకుండా వేసిన జెర్సీల మీద వచ్చిన ఓ వ్యాసంలో, స్టేడియం బయట వాటిని అమ్ముకునేవాళ్ల మీదా కేసులేనా అని అడిగారు. ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో మా బావగారికి టీషర్టుల ప్రింటింగ్ షాపు ఉంది. మొన్న ఐపీఎల్ సీజన్లో ఓ జట్టు లోగోలో ఒక్క అక్షరం మార్చి వేశారు. అలా మారిస్తే ఏమీ కాదని ఎవరో చెప్పారట. వారం తిరక్కుండా లాయరు నోటీసు! ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ప్రకారం అచ్చు అదే లోగో కానక్కర్లేదు, కొనేవాడు పొరబడేంత పోలిక ఉన్నా తప్పే. నేరం రుజువైతే సెక్షన్ 103 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఆ టెన్షన్‌లో బావగారు ఆ లోగో అచ్చు వేసే స్క్రీన్లన్నీ కడిగేశారు. మిగిలిన టీషర్టులు మా అక్క చేతిలో తుడుపుగుడ్డలయ్యాయి.

ఒలింపిక్ వలయాల సంగతి వేరు. వాటి రక్షణకు 1981 నాటి నైరోబీ అంతర్జాతీయ ఒప్పందమే ఉంది, మన దేశమూ అందులో ఉంది. అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదు, వార్తల్లో చూపించడానికి మాత్రం అడ్డు లేదు.

చట్టం మీద నాకు కోపం లేదు. కానీ అసలు జెర్సీ ధర అంతంత పెడితే కాలేజీ కుర్రాడు ఫుట్‌పాత్ మీదది కాక ఏది కొంటాడండీ? లైసెన్సు ఉన్న చవక రకం కూడా ఆ జట్లే తేవచ్చుగా.