పిట్ దొరవారి వంశవృక్షానికి కొల్లూరు వేరు

పెళ్లి సంబంధం చూస్తే అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు తిరగేయాలని మా బామ్మ అనేది. పిల్లనిచ్చేవాడికే ఇంత పట్టింపు ఉంటే, దేశాన్ని చేతిలో పెట్టేవాడికి ఉండొద్దా? ఆ బాధ్యత నెత్తిన వేసుకుని ఇంగ్లండ్ ప్రధాని విలియం పిట్ గారి వంశం తిరగేశాను. 1708లో పుట్టిన పెద్ద పిట్ అన్నమాట. ఏడు తరాల దాకా వెళ్లే శ్రమ కలగలేదు, తాతగారి దగ్గరే పని పూర్తయింది.

తాత పేరు థామస్ పిట్. చర్చి ఫాదరీ కొడుకు. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా మన తీరంలో దొంగ వ్యాపారం చేశాడు. కంపెనీ అరెస్టు చేయించింది, జరిమానా వేయించింది, అయినా మానలేదు. చివరికి విసిగిపోయి 1698లో మద్రాసు గవర్నర్ని చేసింది. తాళం పగలగొట్టేవాడికి తాళంచెవే ఇచ్చేస్తే ఇక పగలగొట్టడు కదా, అదీ లాజిక్కు.

అక్కడికి జంచంద్ అనే వజ్రాల వర్తకుడు 410 క్యారెట్ల ముడి రాయి పట్టుకొచ్చాడు. అది కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. వర్తకుడు 2 లక్షల వరహాలన్నాడు. గవర్నర్ 30 వేలన్నాడు. వద్దంటే వద్దని లేవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం, అచ్చం మన సంతలో గేదె బేరమే. 48 వేల దగ్గర తెగింది. ఆ రాయి ఎలా వచ్చిందో అని లండన్లో గుసగుసలు లేస్తే, ఈ బేరమంతా పూసగుచ్చినట్టు రాసి, దేవుడి మీద ఒట్టేసి సంతకం పెట్టాడు పాపం. కూరగాయలు కొన్నవాళ్లెవరూ ఇలా ఒట్లు పెట్టుకోగా నేను చూడలేదు.

కోత కోయించాక 140 క్యారెట్లు మిగిలింది. 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకు అమ్మాడు. కొన్నది 20 వేల చిల్లరకు. ఆ డబ్బుతో ఎస్టేట్లు వచ్చాయి.

ఓల్డ్ సేరమ్ అనే పార్లమెంటు నియోజకవర్గం మాత్రం అంతకు ముందే, ఇండియా వ్యాపారం తొలి లాభాల మీదే చేతికొచ్చింది. మనుషులు ఖాళీ చేసి వెళ్లిపోయిన మట్టిదిబ్బ అది. కానీ పార్లమెంటుకు ఇద్దరు సభ్యుల్ని పంపేది. ఓటుహక్కు జనానికి కాదు, స్థలాలకు. ఆ స్థలాలు పిట్‌ల చేతిలో. ఇంటింటి ప్రచారం లేదు, ఎందుకంటే ఇళ్లే లేవు. బిర్యానీ పొట్లాల ఖర్చు అసలే లేదు. ఇంత శుభ్రమైన ఎన్నికలు మన దగ్గర ఎప్పుడొస్తాయో!

1735లో అన్నగారు వదిలిన ఆ సీటు మీదే మన విలియం సభలో అడుగుపెట్టాడు. తర్వాత సైన్యం జీతాల ఖజానా ఆయన చేతికొచ్చింది. ఆ సొమ్ము మీద వడ్డీ తినడం అక్కడ ఆచారం. ఈయన ముట్టలేదు. దేశం చేతులెత్తి మొక్కింది, నేనూ మొక్కుతాను. కాకపోతే తాతలు నేతులు తాగితే మనవళ్లు మూతులు వాసన చూపించడం లోకరీతి. ఈయన మూతి తుడుచుకుని ఉపవాసమన్నాడు.

అసలు ఘట్టం 1770లో. అప్పటికి లార్డ్ అయిపోయిన పిట్, ప్రభువుల సభలో లేచి ఉరిమాడు. ఆసియా సంపద మన మీదకు వరదలా వచ్చిపడుతోంది, ఈ నేలతో సంబంధం లేని విదేశీ బంగారం లంచాలతో పార్లమెంటులోకి జొరబడుతోంది అని! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం మామూలు మనుషుల పద్ధతి. మహానుభావుడు ఎంత స్థిరంగా నిలబడ్డాడో, చెయ్యి భుజం వైపు కదిలిందని ఎవరూ రాయలేదు.

ఆయన కొడుకు చిన్న పిట్ 24 ఏళ్లకే ప్రధాని అయ్యాడు. ఓల్డ్ సేరమ్ లాంటి సీట్లు కొన్ని తీసేద్దామని 1785లో బిల్లు పెట్టాడు, ఓడిపోయాడు. ఆ దిబ్బ 1832 దాకా దర్జాగా ప్రజాప్రతినిధుల్ని పంపుతూనే ఉంది.

వజ్రం ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సొత్తు. కోహినూర్ కోసం ఎటూ కేకలు వేస్తున్నాం కాబట్టి దీన్ని వెనక్కి అడగను. వాళ్లు అచ్చేసే వంశవృక్షంలో థామస్ పిట్ పేరు కింద ‘కొల్లూరు, పల్నాడు’ అని చిన్నక్షరాల్లో వేస్తే చాలు. పిన్‌కోడ్ మాత్రం అడక్కండి. ఆ గనులు పులిచింతల రిజర్వాయర్ నీళ్ల కింద ఉన్నాయి.