‘ఆధారం చాలదు’ అన్నది తీర్పు కాదు

2024 ఏప్రిల్‌లో బ్రిటన్ పిల్లల వైద్యురాలు హిలరీ కాస్ 388 పేజీల నివేదిక ఇచ్చారు. ట్రాన్స్‌జెండర్ పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి అందుతున్న వైద్యం ఏ ఆధారం మీద నడుస్తోందన్నది అందులోని ప్రశ్న. పుస్తకం తెరవకముందే రెండు ప్రచారాలు మొదలయ్యాయి. 103 అధ్యయనాల్లో 101ని ఆమె చెత్తబుట్టలో పడేశారని ఒకవైపు. ఈ వైద్యం పిల్లలకు హాని చేస్తోందని రుజువైపోయిందని ఇంకోవైపు. రెండూ అబద్ధాలే. కాస్ కోసం యార్క్ యూనివర్సిటీ బృందం 103 అధ్యయనాలను జల్లెడ పట్టి రెండింటిని మేలైనవిగా, 58ని మధ్యరకంగా లెక్కగట్టింది. ఆ 60నీ పరిగణనలోకి తీసుకుంది. తేలిందల్లా మేలు జరుగుతుందని గట్టిగా చెప్పలేం, జరగదనీ చెప్పలేం అన్నదే.

ఈ తడబాటు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లాలి. యుక్తవయసు మార్పులను తాత్కాలికంగా ఆపే ప్యూబర్టీ బ్లాకర్లు, ఆ తర్వాత హార్మోన్లు, పద్దెనిమిదేళ్లు దాటాక ఆపరేషన్. ఈ వరస అక్కడే స్థిరపడింది. 2011లో 70 మంది మీద, 2014లో వారిలోనే 55 మంది మీద వచ్చిన ఫలితాలు ప్రపంచమంతటికీ దారి చూపించాయి. పోల్చి చూడటానికి మందు తీసుకోని జట్టు లేదు. అంతకన్నా చిత్రమైన సంగతి ఒకటుంది. జెండర్ వేదనను, అంటే పుట్టుకతో వచ్చిన లింగం తనది కాదనిపించే బాధను, కొలిచే ప్రశ్నపత్రంలో ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి అని రెండు రకాలున్నాయి. మొదట్లో పుట్టుకతో వచ్చిన లింగాన్ని బట్టి ఒకటి ఇచ్చి, ఆపరేషన్ తర్వాత రెండోది చేతికిచ్చారు. అంటే మగశరీరంతో పుట్టిన వ్యక్తి కూడా చివర్లో నెలసరి గురించిన ప్రశ్నకు జవాబు రాయాలి. కొలబద్దే మారితే వేదన తగ్గిందా, ప్రశ్న మారిందా అని ఎవరైనా అడుగుతారు. ఆ పిల్లల ఊరట అబద్ధమని నేననను. దాన్ని కొలిచిన తీరు మాత్రం సరిగా లేదు.

బ్రిటన్‌లో 12 నుంచి 15 ఏళ్ల వయసున్న 44 మందికి బ్లాకర్లు ఇచ్చి చూస్తే మానసిక స్థితిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. 43 మంది హార్మోన్లకు వెళ్లారు. ఎంపిక పక్కాగా జరిగిందనడానికి ఇదే సాక్ష్యమని ఒకరంటే, ఆలోచించుకోవడానికి ఇచ్చిన గడువే వాళ్లను ముందుకు నెట్టేసిందని మరొకరంటారు. ఆ అంకె రెండు వాదాలకూ పనికొస్తుంది. కాబట్టి ఒక్కదాన్నీ నిరూపించదు.

మరి చీటీలు తీసి సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడొచ్చుగా అంటారు. ఎవరికి ఏది దక్కిందో ఎంతకాలం దాచగలం? కొన్ని నెలల్లో గొంతు బొంగురుపోతుంది, లేదంటే పోదు. ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. ఆస్ట్రేలియాలో 64 మంది ట్రాన్స్‌జెండర్ పెద్దల మీద ఇంకో దారి పట్టారు: కొందరికి మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ వెంటనే, మిగతావారికి మూడు నెలలు ఆగి. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో, వెంటనే తీసుకున్నవారిలో ఆత్మహత్య ఆలోచనలు, వేదన తగ్గాయి. వాళ్లంతా పెద్దవాళ్లు, వ్యవధి మూడు నెలలు. పన్నెండేళ్ల పిల్లలకు దాన్ని యథాతథంగా అతికించలేం.

ఆత్మహత్య మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ‘బతికున్న కొడుకు కావాలా, చనిపోయిన కూతురు కావాలా’ అని కన్నవాళ్ల ముందు పెట్టే ప్రశ్న వైద్యం కాదు, బెదిరింపు. 2020 చివర్లో కోర్టు తీర్పుతో బ్రిటన్‌లో బ్లాకర్లకు ఆంక్షలు పడ్డాక పిల్లల చావులు విపరీతంగా పెరిగాయని ప్రచారం సాగింది. ప్రభుత్వ సలహాదారు లూయిస్ యాపిల్‌బీ లెక్కలు తీస్తే, అక్కడి పిల్లల జెండర్ క్లినిక్కుకు వచ్చినవారిలో ఆత్మహత్యలు అంతకుముందు మూడేళ్లలో ఐదు, తర్వాతి మూడేళ్లలో ఏడు. ఒక్కటైనా ఎక్కువే. కానీ ఆ తేడాతో ఉప్పెన వచ్చిందనలేం.

ఇక నిషేధాలు. స్వీడన్, ఫిన్లాండ్ తలుపు ఓరగా వేశాయే కానీ గొళ్లెం పెట్టలేదు. అరుదైన కేసుల్లో ఈ వైద్యం ఇప్పటికీ అందుతుంది. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం మైనర్లకు ఈ వైద్యాన్ని నిషేధిస్తూ ఏకంగా చట్టం చేసింది. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు 6–3తో దాన్ని నిలబెట్టింది. ఏడెనిమిదేళ్లకే రజస్వల అయ్యే పిల్లకు అదే మందు అక్కడ చట్టబద్ధమే. ఆధారాల బలాన్ని తూచే గ్రేడ్ పద్ధతికి ఆద్యుల్లో ఒకరైన గోర్డన్ గయాట్ స్వయంగా ఈ వైద్యం మీద సమీక్షలు చేసి, ఆధారాల మీద నమ్మకం తక్కువని తేల్చారు. దాన్ని సాకుగా చూపి డాక్టర్ల చేతులు కట్టేయడం తప్పని 2025లో ఆయనే ప్రకటించారు. నాకు ఆ మాటే సబబుగా తోస్తుంది. ఆగడం కూడా శరీరంలో తిరిగిరాని మార్పులు తెస్తుంది. మందు వాడితే ఎముకల పటుత్వం తగ్గుతుందన్న భయమూ కల్పితం కాదు. ఈ తూకం ఆ పిల్లా, కన్నవాళ్లూ, డాక్టరూ కూర్చుని వేసుకోవాల్సింది.

విచారం ఏమిటంటే జవాబు కొంతైనా ఇప్పటికే ఉంది. బ్రిటన్ పిల్లల క్లినిక్కు నుంచి పెద్దల క్లినిక్కులకు మారిన సుమారు 9,000 మంది తర్వాత ఎలా ఉన్నారో చూస్తామని కాస్ బృందం అడిగింది. ఏడు క్లినిక్కుల్లో ఆరు రికార్డులు ఇవ్వబోమన్నాయి. గొడవయ్యాక, నివేదిక అచ్చయ్యాక ఒప్పుకున్నాయి.