ఫస్ట్ ఫ్లోర్ బెడ్రూంలో వెలసిన చెమ్మ మరక గారికి

మహాశయా,

ఇవాళ ఆదివారం పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా మన బిల్డింగ్ మెట్ల మీద కూర్చుని మీ గురించే ఆలోచించాను. ప్లంబర్ "దారిలో ఉన్నా అన్నా" అన్నాడు, ఉప్పల్ నుంచి బోడుప్పల్‌కి ఐదున్నర గంటల దారి ఎటుందో మీకేమైనా తెలుసా, రెండింటికి ఫోన్ చేస్తే ఇంకా ఆ దారిలోనే ఉన్నాడు, మూడున్నరకి స్విచాఫ్. మధ్యలో ఫస్ట్ ఫ్లోర్ ఆంటీ జాలిపడి ప్లేట్లో పులిహోర పెట్టిచ్చారు. నా ఇంటి మెట్ల మీద కూర్చుని నా కిరాయిదారు పెట్టిన పులిహోర తిన్నాను. ఓనర్ అంటే ఇదన్నమాట.

మొదటిసారి దర్శనమిచ్చినప్పుడు మీరు రూపాయి బిళ్ళంత ఉన్నారు. అమ్మినాయన రిజిస్ట్రేషన్‌కి పది రోజుల ముందే ఇల్లంతా లప్పం పెట్టి రంగేయించాడు, ఆ ఒక్క బెడ్రూంకి మాత్రం రంగు రెండు పూతలు ఎక్కువ. ఎందుకో అడగలేదు. పైగా "రంగు బాగుందండీ" అని మెచ్చుకున్నాను.

బ్యాంకు వాళ్లు మాత్రం తక్కువా. ఆస్తి మీద అప్పులూ అమ్మకాలూ చూపించే ముప్పై ఏళ్ల ఈసీ, పాత అమ్మకాల లింక్ డాక్యుమెంట్లు అన్నీ తెమ్మన్నారు, ఈ ఇంటిని ఎవరు ఎవరికి ఎప్పుడు అమ్ముకున్నారో లాయరు గారు అక్షరం వదలకుండా చదివారు, ఇంట్లో నీళ్లు ఎటు పోతున్నాయో ఒక్కరూ చూడలేదు. వాల్యుయర్ గారు టేపు పట్టుకుని వచ్చి, పెంట్‌హౌస్ ప్లాన్‌లో లేదు కాబట్టి దాని విలువ సున్నా అని రాసుకుని పోయారు. అమ్మినాయన లెక్కలో దాని విలువ పదిహేడు లక్షలు. ఆయన 92 అన్నాడు, బ్యాంకు 75 అంది, 30 లక్షలు దాటిన లోనుకి 80 శాతమే ఇస్తారు కాబట్టి చేతికొచ్చింది 60. మిగతాదీ, రిజిస్ట్రేషన్‌కి పోయే ఏడున్నర శాతమూ మన జేబులోంచే. నెలకి ఈఎంఐ 52,069, మొదటి నెల అందులో 42,500 వడ్డీకే పోయింది. నాలుగు కిరాయిలు కలిపితే 36 వేలు. మిగతాది నా జీతం. సరే, ఇవన్నీ తెలిసే దిగాను, మీరొక్కరే తెలీదు.

అసలు మీరెక్కడి నుంచి వస్తున్నారో కనుక్కోడానికే ఐదు నెలలు పట్టింది. ఒకాయన పై బాత్రూం టైల్స్ సందుల్లో ఎపాక్సీ కొట్టి 4,500 తీసుకున్నాడు, మీరు తమలపాకంత అయ్యారు. ఇంకొకాయన టెర్రస్ మీద ట్యాంకుదే తప్పన్నాడు, ట్యాంకు కింద కెమికల్ పూయించాం, మీరు విస్తరాకంత అయ్యారు. మూడో ఆయన బయట గోడ పైపుని అనుమానించాడు. దసరాకి సెకండ్ ఫ్లోర్ వాళ్లు బాత్రూం నల్లాలన్నీ కట్టేసి పది రోజులు ఊరెళ్లారు, పైన చుక్క నీళ్లు వాడకం లేదు, మీరు మాత్రం ఆగలేదు! ఆ ముక్క చెప్పగానే ఒక ముసలి మేస్త్రీ నవ్వి, "సంకెన్ నిండిపోయింది సార్" అన్నాడు. అంటే బాత్రూం కింద స్లాబ్‌ని ఒక అడుగు లోతు దాకా పల్లంగా పోసి, పైపులు వేసి, పైన ఇటుక ముక్కలూ రబ్బిషూ నింపి టైల్స్ పరిచేశారు, నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ దగ్గర జాయింటు ఎప్పుడో పోయింది, ఆ నీళ్లన్నీ ఇటుక ముక్కల్లో నిలవుండి తీరిగ్గా దిగుతున్నాయి. పైపైన ఏది పూసినా దండగే. మొత్తం తవ్వి తీసి, పైపులు మార్చి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూసి అప్పుడు టైల్స్ వేయాలట. 70 వేలు, పదిహేను రోజులు. పై వాళ్లకి ఉన్నదే ఒక్క బాత్రూం. ఆ 70 వేలు ట్యాక్సులో చూపిద్దామా అంటే, కిరాయిలో 30 శాతం ఎలాగూ వదిలేస్తారు, రిపేరు చేయించినా చేయించకపోయినా అంతేనన్నాడు ఆడిటరు.

అందుకే వాయిదా వేశాను. చవగ్గా ఇంకో ప్లంబర్, ఇంకో ప్లంబర్ అనుకుంటూ పోయాను.

ఇవాళ పులిహోర ప్లేటు తిరిగిద్దామని లోపలికెళ్తే ఆంటీ మనవడు గోడ చూపించాడు. నువ్వు సీలింగ్ మూలలోంచి గోడ మీదికి దిగిన దగ్గర్నుంచీ వాడు పెన్సిల్‌తో గీతలు పెట్టి తేదీలు రాస్తున్నాడు, ఇళ్లల్లో పిల్లల ఎత్తు రాసుకుంటారే, అట్లా. కాకపోతే నువ్వు కిందికి పెరుగుతావు. ఆగస్టు 12, సెప్టెంబర్ 3, దసరా, దీపావళి. ఆ గీతలు నేరుగా స్విచ్‌బోర్డు మీదికి వస్తున్నాయి. వాడు రోజూ అక్కడే ఫోన్ చార్జింగ్ పెడతాడు. ఇంకేం గారూ గీరూ, సిగ్గులేనిదానా, రంగు పాడుచేశావు, ఊరుకున్నా, నా ఆదివారాలు తిన్నావు, ఊరుకున్నా, పిల్లాడి చెయ్యి పెట్టే చోటికి వస్తున్నావా? తిట్టాల్సింది నిన్నే కాదులే, 70 వేలకి వెనకాడి వాయిదా వేసినవాణ్ణి కూడా. ఆంటీ ఒక్క మాటా అనలేదు. "చూడు బాబూ, వీలైనప్పుడు" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

కిందికి రాగానే మా ఆవిడ గొలుసు గోల్డ్ లోన్‌కి అడిగాను. ఇచ్చింది, ఏమంటూ ఇచ్చిందో ఇక్కడ రాయలేను. పెంట్‌హౌస్ కుర్రాళ్లని పై వాళ్లతో పదిహేను రోజులు బాత్రూం పంచుకోమన్నాను, ఆ నెల కిరాయిలో వెయ్యి తగ్గించమన్నారు. ముసలి మేస్త్రీ మంగళవారం వస్తాడు. ఆ బోర్డుకి కరెంటు ఇవాళే తీయించేశాను.

ఇట్లు,
పేరుకి ఓనర్

తా.క. ఇవాళ్టి గీత వాడు నా చేత పెట్టించాడు. బోర్డుకి ఇంకా జానెడుంది.