కాల్ షీట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కాల్ షీట్ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేం ఐదుగురం క్షేమం. నిన్న షూటింగ్ అయిపోయిందనేకన్నా వెలుతురు అయిపోయిందంటే సరిపోతుంది.

ఆ రోజు ఏ సీను, ఎంతసేపు, ఎవరి పనేంటి అని మాకు చెప్పే షూటింగ్ పట్టిక తమరే. అయినా మిమ్మల్ని ఊరికే ఆడిపోసుకోను. సూర్యోదయం, సూర్యాస్తమయం నిమిషాలతో సహా వేశారు. దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడుందో మొదటి పేజీలోనే రాశారు. ఇంత ముందుచూపు ఉన్న తమకి, సిటీ అన్నాక మనుషులు తిరుగుతారన్న సంగతి ఎందుకు తట్టలేదో!

నిన్నటి సీను: 'అతను రోడ్డు దాటుతాడు.' పొడవు 1/8 పేజీ. స్క్రిప్టు పేజీని ఎనిమిది భాగాలు చేసి సీన్లు కొలవడం సినిమావాళ్ళకి పాత అలవాటు. పేజీకి సుమారు ఒక నిమిషం సినిమా అని ఒక లెక్క. ఆ లెక్కన ఈ సీను ఏడెనిమిది సెకన్లు. మీరు పెద్ద మనసు చేసుకుని అరగంట ఇచ్చారు.

మొదటి టేక్‌లో అతను దాటాడు. పక్కనే ఇంకో పెద్దాయన కూడా దాటుతూ, సరిగ్గా లెన్సులోకి చూసి జుట్టు సర్దుకున్నారు. తర్వాతి టేక్‌కి అడ్డంగా బస్సు. ఆ తర్వాత ఫోకస్, నడక, ఎక్స్‌ప్రెషన్ అన్నీ కుదిరాయి. అప్పుడు సౌండ్ అబ్బాయి ఏమీ మాట్లాడకుండా హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకున్నాడు. అది చూస్తే చాలు, మా అందరికీ నీరసం వచ్చేస్తుంది. పక్క బిల్డింగులో డ్రిల్లింగ్! వెళ్ళి బతిమాలితే, పాపం, రెండు నిమిషాలు ఆపారు. ఆ రెండు నిమిషాలూ నెత్తిమీద విమానం.

సూర్యుడికి మీ కాపీ అందినట్టు లేదు. గంటకు 15 డిగ్రీల చొప్పున ఆయన దారిన ఆయన జరుగుతూనే ఉన్నాడు. వైడ్ షాట్‌లో పక్కకి పడిన నీడ, క్లోజప్ పెట్టేసరికి మొహం మీదికొచ్చింది. రెండూ కలిపి చూస్తే, అతను పొద్దున ఇవతల బయల్దేరి మధ్యాహ్నానికి అవతలికి చేరినట్టుంటుంది. జరిగింది కూడా అదే అనుకోండి.

ఇక సిబ్బంది జాబితా. చదివితే ఏదో పెద్ద కంపెనీ అనుకుంటారు. లైటింగ్, ఆర్ట్, ప్రొడక్షన్, ట్రాన్స్‌పోర్ట్, నాలుగింటికీ నా పేరే. ఒక చేత్తో థర్మాకోల్ షీటు పట్టుకుని నటుడి మొహం మీదికి వెలుగు కొట్టాలి, ఇంకో చేత్తో జనాన్ని ఆపాలి, నోటితో 'హీరో ఎవరండీ?' అన్నవాళ్ళకి జవాబు చెప్పాలి. చూపించినా నమ్మరు.

అన్నిటికన్నా ఘోరం చివర్లో జరిగింది. డైలాగుల కింద వేసుకోవడానికి ఆ చోటి శబ్దం ఒక నిమిషం రికార్డు చేయాలి. అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పొద్దుట్నుంచి పీక్కుతిన్న ట్రాఫిక్ ఠక్కున ఆగిపోయింది. ఒక్క హారన్ లేదు! డ్రిల్లింగ్ వాళ్ళు కూడా ఇళ్ళకెళ్ళిపోయారు.

రేపటి షీటు ఇప్పుడే ఫోనుకి వచ్చింది. మొదటి సీను, 1/8 పేజీ: 'పావురాలు ఒక్కసారిగా ఎగురుతాయి.' టైము 15 నిమిషాలు.

ఇట్లు,
లైటింగ్, ఆర్ట్, ప్రొడక్షన్, ట్రాన్స్‌పోర్ట్, పావురాలు