పని సరే, పాటేదీ?

రెండేళ్ళ కిందట జనవరిలో ఇండియా నుంచి అమెరికాకి తిరిగొచ్చిన మర్నాడు ఆఫీసులో పక్క సీటావిడ "వెకేషన్ ఎలా గడిచింది?" అని అడిగింది. ఏం చెప్పను? మూడు వారాల్లో రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం, బ్యాంకులో కేవైసీ, ఒక రూట్ కెనాల్, జాకెట్లు కుట్టే టైలరు చుట్టూ నాలుగు ప్రదక్షిణలు. వెళ్ళకపోతే అలిగే ఇళ్ళు పదకొండు, ప్రతి ఇంట్లోనూ "అసలేమీ తినలేదు" అంటూ రెండో వాయి గారెలు. "చాలా బాగా గడిచింది" అన్నాను. ఆ అలసట తీరాలంటే ఇంకో సెలవు కావాలి. ఉన్నవన్నీ అయిపోయాయి.

వెళ్ళినందుకు బాధ లేదు. వెళ్ళకుండా ఉండలేం కూడా. కాకపోతే దాన్ని సెలవు అనడం మానేద్దామంటాను. అది బాధ్యత, ప్రేమ, కొంత మొహమాటం. విశ్రాంతి మాత్రం కాదు. ఏడాదికొచ్చే పదిహేను రోజులూ దానికోసమే దాచి, మిగతా పదకొండు నెలలూ ఒక్క రోజైనా తీసుకోని మనవాళ్ళు నాకు తెలిసినంతలోనే పాతికమంది ఉంటారు. మొన్నమొన్నటిదాకా నేనూ ఆ గుంపులోదాన్నే.

కారణాలు లేకపోలేదు. యూరోపియన్ యూనియన్‌లో ఉద్యోగికి ఏడాదికి కనీసం నాలుగు వారాలు జీతంతో సెలవు చట్టం ఇచ్చిన హక్కు. అమెరికాలో అలాంటి ఫెడరల్ చట్టమే లేదు. 1938 నాటి కార్మిక చట్టం కనీస వేతనం గురించి, ఓవర్‌టైమ్ గురించి మాట్లాడుతుంది గానీ, జీతంతో సెలవు ఇచ్చి తీరాలని అనదు. పైగా హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. అలాంటప్పుడు మేనేజరు ముందు వారం రోజులు సెలవని నోరు తెరవాలంటే ధైర్యం చాలదు. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడ్డవాళ్ళకి "కాస్త హాయిగా ఉండు" అని చెప్పడం నాకు సులువు, పాటించడం వాళ్ళకి కష్టం. ఒప్పుకుంటాను.

మరి కార్డు చేతికొచ్చి, ఇంటప్పు సగం తీరినవాళ్ళం కూడా ఇలాగే ఎందుకున్నాం? నా అనుమానం, ఇది ఇంటర్మీడియట్‌లో అంటుకున్న జబ్బు. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదకొండింటికి స్టడీ అవర్‌తోనే ముగిసే హాస్టళ్ళలో ఊరికే కూర్చోవడం నేరం. ఆ వార్డెను ఇప్పటికీ మన బుర్రలో కాపలా కాస్తున్నాడు. ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసి లేచినా ఏదో తప్పు చేసినట్టే ఉంటుంది.

మన పెద్దలు ఇలా లేరు. "పనీ పాటా లేదా?" అని తిట్టేటప్పుడు కూడా పని పక్కన పాటని కూర్చోబెట్టిన భాష మనది. (అది "పాటుపడటం"లోని పాటు అని తెలిసినవాళ్ళు నన్ను దిద్దుతారు. దిద్దనివ్వండి, నాకు ఇదే బావుంది.) మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒక భాషలోని మాటని ఇంకో భాషలో చెప్పే ఉద్యోగిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైమాటే! వెళ్ళింది పుణ్యానికే, కాదనను. కానీ దారిలో ఏ ఊళ్ళో నీళ్ళెలా ఉన్నాయో, ఏ మజిలీలో ఏం దొరికిందో రాసుకుంటూ పోయిన తీరు చూస్తే, ఆయనకి దారంతా పండగే అనిపిస్తుంది. కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనమూ అంతే. భక్తి పేరు చెప్పి ఊరంతటికీ ఒక పూట ఆటవిడుపు. ఇక్కడి మన తెలుగు సంఘం చలికి భయపడి దాన్ని జూలైకి మార్చింది, మంచిదే. అక్కడ చేసే ప్రసంగాలు కూడా తీసేస్తే ఇంకా మంచిది. స్పాన్సర్లకి కృతజ్ఞతలు సంఘం వేసే ఈ పత్రికలోనే చెప్పుకోవచ్చు కదా!

ఆరోగ్యం మాటకొస్తే, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకి 35-40 గంటలు చేసేవాళ్ళ కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క తేల్చాయి. నన్ను దానికన్నా ఎక్కువగా గుచ్చింది 2010లో వెలువడిన, నెదర్లాండ్స్‌లో 1,530 మంది మీద జరిగిన అధ్యయనం. ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు బయల్దేరకముందే మిగతావాళ్ళ కన్నా సంతోషంగా ఉన్నారట. తిరిగొచ్చాక మాత్రం, చాలా తీరిగ్గా గడిపామన్నవాళ్ళకి తప్ప, ఎవరికీ ఆ సంతోషం మిగల్లేదు.

చదవగానే మా ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు యాత్ర గుర్తొచ్చింది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీళ్ళ ఊటకి మా ఎక్సెల్ షీట్‌లో నలభై నిమిషాలు. మేం చేరేసరికి అప్పుడే ఎగసి చల్లారింది. మళ్ళీ ఎగయాలంటే గంటన్నర. షీట్ ఒప్పుకోలేదు. బోర్డు ముందు ఫొటో దిగి వచ్చేశాం. రాత్రి తొమ్మిదింటికి అద్దె ఇంట్లో రైస్ కుక్కర్ పెట్టిందెవరో వేరే చెప్పాలా? "బయట తిండి పడదు" అని ఇంట్లో ఒకరు అన్నారంటే, వంట చేసే మనిషికి సెలవు రద్దయినట్టే. పెరుగన్నం తినకుండా నాలుగు రోజులు బతకలేమా అని నా ప్రశ్న.

కిందటి అక్టోబరులో ఒక శుక్రవారం సెలవు పెట్టాను. పండగ కాదు, పెళ్ళి కాదు, పిల్లల టోర్నమెంటూ లేదు. వర్జీనియా కొండల్లోని షెనాండోవా నేషనల్ పార్కు మాకు గంటన్నర దూరం. వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించానే గానీ, నేనెప్పుడూ చూడలేదు. ఆ కొండల మీదుగా పోయే రోడ్డు స్కైలైన్ డ్రైవ్ 105 మైళ్ళు, వేగం 35 దాటకూడదు. మొదటి పది మైళ్ళూ ఆ 35 నన్ను చంపింది. తర్వాత ఎప్పుడో మర్చిపోయాను. ఒక మలుపు దగ్గర ఆగి, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ, ఎర్రబడ్డ కొండల కేసి చూస్తూ కూర్చున్నాం. మా ఆయన ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. గొడవేమీ పడకుండానే మేం అంతసేపు మౌనంగా ఉండి ఎన్నేళ్ళయిందో!

మా నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు నయాగరా, లిబర్టీ విగ్రహం, వైట్‌హౌస్ అన్నీ తిప్పి చూపించాం. ఆయనకి నచ్చింది మా గరాజ్. సాయంత్రం దాని తలుపు పైకెత్తి, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వీధి చూస్తూ రెండు గంటలు. "మన అరుగులాగే ఉందమ్మా" అనేవారు. ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని నాకు చిన్నతనంగా ఉండేది.

ఈ మేలో మళ్ళీ వస్తున్నారు. గరాజ్‌లో రెండో కుర్చీ వేశాను.