ముతియాన్యు గోడగారికి మోకాళ్ల మనవి

బీజింగ్ దగ్గరి ముతియాన్యు కొండల మీద కొలువైన మహారాజశ్రీ చైనా గోడగారి దివ్యసముఖానికి,

తమరు క్షేమమే. మా పిక్కలే కుర్చీలోంచి లేవనివ్వడం లేదు.

మింగ్ చక్రవర్తుల నాటి హుందాతనం, ఇటుకల మధ్య జిగురు బియ్యపు గంజి కలిపిన సున్నం, 1987లో దక్కిన ప్రపంచ వారసత్వ హోదా, అన్నీ ఒప్పుకుంటాం. చంద్రుడి మీంచి కనిపిస్తారన్న గొప్ప మాత్రం కట్టిపెట్టండి. 2003లో భూకక్ష్యలోకి వెళ్లిన మీ వ్యోమగామి యాంగ్ లివెయ్‌కే కనబడలేదు. అదీ పోనివ్వండి. మెట్ల సంగతి తేల్చండి.

ఒక మెట్టు నాలుగు వేళ్ల ఎత్తు, దాని పైది మోకాలెత్తు. ఆ తర్వాత మెట్టే ఉండదు, వాన పడితే జారే ఏటవాలు రాయి. ఎక్కేటప్పుడు ఆయాసంతో సరిపోతుంది. దిగేటప్పుడు ఒంటి బరువంతా మోకాలి మీదే. పక్కకు తిరిగి, మెట్టుకు రెండు పాదాలూ ఆనిస్తూ, పసిపిల్లల్లా దిగాలి. కొండ వెన్ను ఎటు పోతే అటే కట్టారంటే సరే, అర్థముంది. శత్రువు తడబడాలనే అలా కట్టారని గైడ్లు చెబుతారే, అదే మింగుడుపడదు. శత్రువు ఉండేది గోడ బయట కదండీ! పైన ఆయుధాలు మోస్తూ పరుగెత్తేది మీ సైనికుడే!

పోనీ, ఆ శత్రువు వచ్చిందెలా? 1644లో మీ షాన్‌హై కనుమ ద్వారం దగ్గర మింగ్ సేనాని వూ సాన్‌గుయ్ తలుపు తీశాడు, ఉత్తరాది మంచూ సేన దర్జాగా లోపలికి నడిచింది. ఒక్క మెట్టు ఎక్కితే ఒట్టు! ఇన్ని వందల ఏళ్ల కుట్రకు బలయ్యేది టికెట్టు కొన్న మేమా? సిగ్గుండాలి!

టికెట్టంటే గుర్తొచ్చింది. కేబుల్ కారు 14వ బురుజు దగ్గర దింపుతుంది, కిందికి దిగే జారుడు బండి ఉండేది 6వ బురుజు దగ్గర. రెండింటి యాజమాన్యాలూ వేరు. కేబుల్ కారుకు రానూపోనూ టికెట్టు కొనేసి, ఆశగా 6 దాకా నడిస్తే చెల్లదంటారు. మళ్లీ డబ్బు కట్టాలి, లేదా 14కి ఎదురెక్కాలి. వాన చినుకు పడిందా, బండే బంద్. అందుకే ఎక్కడానికి కేబుల్ కారు ఒకవైపు టికెట్టే కొనాలి. ఈ ముక్క కౌంటరు దగ్గర ఎవరూ చెప్పరు.

ఇంత తిట్టుకుంటూ 19 దాటి, ఆ నిలువు మెట్లన్నీ పాకి 20వ బురుజెక్కితే, రెండు వైపులా కొండల మీద పాకుతూ మీరే. తిట్టు నోట్లోనే ఆగిపోతుంది. అదీ మీ కుట్రే.

ఇట్లు,
19వ బురుజు దగ్గర కూలబడ్డ భక్తబృందం