ప్రజాభిప్రాయ సేకరణలో ఉద్యోగాల కన్నా ముందు అడగాల్సింది బోరు నీళ్ల లెక్క

ప్రమాదకర వ్యర్థాలు మిగిల్చే ప్రాజెక్టు ఏదొచ్చినా మన దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ ఒకే తీరుగా నడుస్తుంది. షామియానా, చుట్టూ పోలీసులు, వేదిక మీద జాయింట్ కలెక్టర్, పక్కన కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) ఇంజనీరు. కొందరు ఉద్యోగాలు అడుగుతారు, కొందరు రోడ్డు, ఆసుపత్రి అడుగుతారు, కొందరు ప్రాజెక్టే వద్దంటారు. అన్నిటికీ సంస్థ నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం." మినిట్స్‌లోనూ, అంటే సభలో ఏం జరిగిందో రాసే రికార్డులోనూ, అదే పడుతుంది. అందులో అంకె ఉండదు. అంకె లేని హామీని పదేళ్ల తర్వాత ఏ అధికారి దగ్గరా, ఏ కోర్టులోనూ నిలబెట్టలేం. నాకు కోపం వచ్చేది అక్కడే.

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెనే తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ (యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) గని, శుద్ధి కర్మాగారం అక్కడివి. 2006లో ప్రజాభిప్రాయ సేకరణ, 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి మొదలు. కర్మాగారం సామర్థ్యం రోజుకు 3000 టన్నుల ముడిరాయి. టన్ను రాయిలో యురేనియం అర కిలో కూడా ఉండదు. అంటే తవ్వి, పొడి చేసి, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో వేడి, పీడనం మీద ఉడికించిన రాయంతా దాదాపు అలాగే బురదై బయటికొస్తుంది. ఏడాదికి 300 రోజులు నడిస్తే 9 లక్షల టన్నులు. ఆ బురద పైపుల్లో కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు, అంటే వ్యర్థాల చెరువుకు చేరుతుంది.

యురేనియం తీసేశారు కదా, ఇంకేం మిగిలిందంటారు చాలామంది. ముడిరాయిలో ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం బురదలోనే ఉండిపోతుంది. యురేనియం వెంట ఉండే థోరియం-230, రేడియం-226 దాంతో పాటు ద్రావణంలోకి రావు మరి. రేడియం అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, 1600 ఏళ్లు, థోరియానిది 75 వేల ఏళ్లు. ఆ రేడియం నుంచి రేడాన్ వాయువు పుడుతూనే ఉంటుంది. ఇవి కాక ఉడికించడానికి వాడిన సోడియం, ఆ క్రమంలో ఏర్పడే సల్ఫేట్ నీళ్లలో కరిగి ఉంటాయి. పొలానికి ముందుగా తెలిసేది ఈ సోడియమే. మట్టి గట్టిపడుతుంది, నీరు ఇంకదు, అరటి ఆకు అంచులు మాడతాయి. రేడియోధార్మికత కంటికి కనబడదు కాబట్టి రైతు చెప్పేది ముందు అరటి గురించే. "అరటికీ రేడియేషన్‌కూ సంబంధమేంటి" అని కొట్టిపారేసే అధికారికి ఈ రసాయన శాస్త్రమైనా తెలిసి ఉండాలి.

ఇక పాండ్ అడుగు సంగతి. షరతు ప్రకారం 500 మిల్లీమీటర్ల బెంటొనైట్ బంకమట్టి పొర, దాని మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు పరవాలి. నీరు దిగే వేగం సెకనుకు మీటరులో వందకోట్లవ వంతు దాటకూడదు. అడుగున పరిచే ఈ పొరలు (లైనింగ్) సరిగా లేవని 2018లో పీసీబీయే నోటీసు ఇచ్చింది. పాండ్ నుంచి ఊట లేదన్నది యూసీఐఎల్ వాదన. ఆ తగువు కాసేపు పక్కన పెట్టి, షరతునే చూడండి. 250 మైక్రాన్లంటే పావు మిల్లీమీటరు. ఘన వ్యర్థాల నియమాల ప్రకారం మునిసిపాలిటీ చెత్త పూడ్చే గుంతకు 90 సెంటీమీటర్ల బంకమట్టి మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్) షీటు వేయాలి. కూరగాయల తొక్కలకూ ప్లాస్టిక్ కవర్లకూ వేసేదాంట్లో ఆరో వంతు మందం షీటు యురేనియం బురదకు! ఈ పోలిక 2006లోనే వేదిక మీద పెట్టగలిగేవాళ్లం. చెత్త గుంతకు ఆ 1.5 మిల్లీమీటర్ల లెక్క 2000 నాటి నియమాల్లోనే ఉంది.

"వందకోట్లవ వంతు" వినడానికి సున్నాలా ఉంటుంది. సున్నా కాదు. పాండ్‌లో 5 మీటర్ల నీరు, కింద అర మీటరు బంకమట్టి ఉన్నాయనుకోండి. రెండూ కలిపి ఐదున్నర మీటర్ల నీటి ఒత్తిడి, అంటే మట్టి మందానికి 11 రెట్లు. మట్టి షరతుకు సరిగ్గా సరిపోయినా, షీటు లేకపోతే ఏడాదికి 35 సెంటీమీటర్ల నీరు దిగుతుంది. హెక్టారుకు 34 లక్షల లీటర్ల పైమాటే. ఇది అంతా సవ్యంగా ఉన్నప్పటి లెక్క. మట్టిని సరైన తేమలో రోలర్‌తో పొరలు పొరలుగా అణచకపోయినా, నీళ్లు వదిలేలోపు ఎండకు పగుళ్లిచ్చినా వేగం వంద రెట్లు, వెయ్యి రెట్లు కూడా పెరగొచ్చు. షీటుకు అతుకుల దగ్గర ఊడిపోవడం, కింద మొనదేలిన రాయి ఉంటే చిరిగిపోవడం మామూలే. అందుకే ప్రయోగశాలలో గుప్పెడు మట్టి పరీక్షించి తెచ్చిన సర్టిఫికెట్ చాలదు. పరిచిన పొర మీద, పరిచిన చోటే పరీక్ష జరగాలి, అతుకులన్నిటికీ గాలి ఒత్తిడి పరీక్ష జరగాలి, ఆ కాగితాలు పంచాయతీ ఆఫీసులో ఉండాలి. పాండ్ నిండాక అడుగు చూసే దారి లేదు.

ఇప్పుడు తగువు దగ్గరికి వద్దాం. ఊరి బోర్లలో యురేనియం, సోడియం ఎక్కువగా ఉన్నాయంటే, ఇక్కడి రాతిలోనే యురేనియం ఉంది, అది సహజమేనని జవాబొస్తుంది. ఈ జవాబు పూర్తిగా అబద్ధమని నేననను. వేంపల్లె డోలమైట్ రాతిలో యురేనియం ఉన్నందుకే గని వచ్చింది. కానీ సహజంగా ఎంత ఉండేదో, పాండ్ వచ్చాక ఎంత పెరిగిందో తేల్చాలంటే ముందటి లెక్క ఉండాలి. పాండ్ చుట్టూ ఉన్న ప్రతి బోరుకూ 2012కు ముందటి లెక్క ఊరివాళ్ల చేతిలో ఉంటే ఈ తగువు ఒక్క రోజులో తెగేది. లేదు కాబట్టే ఏళ్లు గడిచాయి.

అందుకే, ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు పడిన రోజే మొదలుపెట్టాల్సిన పని నీళ్ల నమూనాలు. నోటీసుకూ సభకూ కనీసం 30 రోజులు ఉండాలన్నది 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లోని రూలు. ప్రతిపాదిత పాండ్‌కు ఎగువన రెండు మూడు బోర్లు, దిగువన వీలైనన్ని ఎంచుకోండి. బోరును పది పదిహేను నిమిషాలు నడిపించాకే నీళ్లు పట్టండి, లేకపోతే పైపులో నిలిచిన నీరే సీసాలోకి వస్తుంది. యురేనియానికీ సోడియానికీ వేరే సీసా, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టి, నైట్రిక్ ఆసిడ్ చుక్కలు వేసి పీహెచ్ 2 కన్నా కిందికి దించాలి. అది ల్యాబ్ వాళ్ల చేతే చేయించండి. సల్ఫేట్, క్లోరైడ్‌కు ఆసిడ్ కలపని సీసా. ప్రతి నమూనానూ మూడు భాగాలు చేసి సీలు వేయాలి: ఒకటి సంస్థకు, ఒకటి పీసీబీకి, ఒకటి ఊరికి. బోరు లోతు, జీపీఎస్, తేదీ రాసి తహసీల్దారు సంతకం అడగండి. వానలకు ముందోసారి, తర్వాతోసారి. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకు 30 మైక్రోగ్రాములు. అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) పెట్టుకున్నది 60. సంస్థ ఏ అంకెకు కట్టుబడుతుందో సభలోనే చెప్పించాలి.

సభలో మాట్లాడటం ఒక్కటే సరిపోదు. అభ్యంతరం కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోవాలి. మినిట్స్‌ను సభ చివర తెలుగులో చదివి వినిపించి, అధ్యక్షత వహించిన అధికారి అదే రోజు సంతకం చేయాలని నోటిఫికేషన్ చెబుతోంది. చదవకుండా లేస్తుంటే లేవనివ్వొద్దు. "పాండ్ గురించి ఆందోళన వ్యక్తం చేశారు" అని చదివితే, "కాదు, 1.5 మిల్లీమీటర్ల షీటు, లీకు కనిపెట్టే పొర, చుట్టూ పరిశీలన బావులు, మూడు నెలలకోసారి ఫలితాలు తెలుగులో, అని రాయండి" అనాలి. సంఖ్యతో రాసిన అభ్యంతరానికి సంస్థ సంఖ్యతోనే జవాబివ్వాలి. ఆ జవాబే రేపు అనుమతి పత్రంలో షరతు అయ్యేది. షరతుల అమలు నివేదిక ఆరు నెలలకోసారి, జూన్ 1న, డిసెంబరు 1న ఇవ్వాలి.

ఫార్మా కంపెనీ నుంచి వచ్చే ప్రమాదకర వ్యర్థానికి 2016 నియమాలున్నాయి. ఆవరణలో 90 రోజులకు మించి ఉంచకూడదు, లారీ కదిలితే ఏడు ప్రతుల మేనిఫెస్ట్ (వ్యర్థాల రవాణా పత్రం) ఉండాలి. అమలు ఎలా ఉన్నా, నిలదీయడానికి కాగితం ఉంటుంది. రేడియోధార్మిక వ్యర్థం ఆ నియమాల పరిధిలోకే రాదు. దానికి అణుశక్తి చట్టం కింద 1987లో వచ్చిన వేరే నియమాలు, వేరే సంస్థ. పీసీబీని అడిగితే రేడియేషన్ ఏఈఆర్‌బీ చూస్తుందంటారు. ఏఈఆర్‌బీ మీ మండలంలో ఉండదు.

ఇన్ని లోపాలున్నా, ఊరివాళ్లు నోరు తెరిచి రికార్డులో మాట ఎక్కించగలిగిన ఒకే ఒక్క చోటు ఈ ప్రజాభిప్రాయ సేకరణ. 2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీసు మెమోరాండంతో అణు ఖనిజాల తవ్వకాలకు, కీలక, వ్యూహాత్మక ఖనిజాల తవ్వకాలకు దాన్నీ తీసేసింది. రక్షణ శాఖ, అణుశక్తి విభాగం కోరాయట. దేశ భద్రతకు యురేనియం కావాలన్నది ఒక వాదన, దాన్ని వినొచ్చు. పాండ్ కింద ఎంత మందం షీటు వేస్తారో రైతుకు చెబితే దేశ భద్రతకు ఏం నష్టం? బోరు నీళ్ల ఫలితం పంచాయతీ గోడ మీద అంటిస్తే ఏ రహస్యం బయటపడుతుంది? 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. జనం మాట్లాడితేనే అది సాధ్యమైంది.

ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు ఈ మెమోరాండం వచ్చిందని ఆగిపోనక్కర్లేదు. ప్రాజెక్టు స్థాపనకూ నడపడానికీ అనుమతి ఇచ్చేది రాష్ట్ర పీసీబీలే. ఊరివాళ్ల సమక్షంలో తీసిన రెండు సీజన్ల నీళ్ల లెక్క, లైనింగ్ పరీక్ష నివేదిక లేకుండా టెయిలింగ్ పాండ్‌లోకి చుక్క బురద కూడా వదలడానికి వీల్లేదని ఆ అనుమతి పత్రంలోనే రాయొచ్చు. మీ ఎమ్మెల్యేను ఈ ఒక్క వాక్యం రాయించమని అడగండి.